మొక్క నాటేది ఒక్కరోజు, నీళ్లు పోసేది మూడేళ్లు



వానాకాలం మొదలైందంటే మన పిల్లల ఫొటోల్లో ఒకటి తప్పకుండా చేరుతుంది. చేతిలో మొక్క, ముఖంలో నవ్వు, పక్కన నిలబడ్డ పెద్దలు. ఆ ఫొటో ఇప్పటికీ మీ ఫోన్లో ఉండే ఉంటుంది. దాన్ని తీసి మీ అమ్మాయినో అబ్బాయినో ఒక్క మాట అడగండి: "నాన్నా, ఈ మొక్క ఇప్పుడు ఎక్కడుంది?"

చాలా ఇళ్లలో జవాబు రాదు. తప్పు పిల్లలది కాదు. నాటించిన పెద్దలం, అందులో బడి కూడా ఉంది, ఆ తర్వాత ఏం చేయాలో వాళ్లకు చెప్పలేదు.

ఈ నెల పాఠం ఆ "తర్వాత" గురించే. కాలనీ పార్కును బాగుచేసుకోవడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఏ పనికి వస్తుంది, ఏ పనికి రాదు, దాన్ని ఎలా అడగాలి? పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. లెక్కలు మాత్రం వాళ్లతోనే చేయించండి.

మన పక్కనే రెండు ఉదాహరణలు

నాగారం నుంచి కీసరగుట్ట గుడికి చాలామంది వెళ్లే ఉంటారు. అక్కడి రిజర్వు ఫారెస్టులో 2,042 ఎకరాలను 2019లో అప్పటి రాజ్యసభ సభ్యుడు జోగినపల్లి సంతోష్ కుమార్ దత్తత తీసుకున్నారు. ఉప్పల్ వైపు ఉండేవారికి చెంగిచెర్ల దగ్గర. అక్కడ 1,080 ఎకరాల అటవీ బ్లాకును నటుడు అక్కినేని నాగార్జున 2022 ఫిబ్రవరిలో దత్తత తీసుకున్నారు. తండ్రి నాగేశ్వరరావు గారి పేరిట అర్బన్ పార్కు కోసం 2 కోట్ల రూపాయలు ఇచ్చారు.

పిల్లలకు మొదటి లెక్క: 2 కోట్లను 1,080తో భాగిస్తే ఎకరాకు ఎంత? సుమారు 18,500 రూపాయలు. "ఇంతేనా?" అని వాళ్లు అడుగుతారు. అడగనివ్వండి. అడవి నేలలో వేర్లు, విత్తనాలు ముందే ఉంటాయి. నిప్పు, గొడ్డలి, మేకలు సోకకుండా చుట్టూ కంచె కట్టి కాపాడితే చాలావరకు తనంతట తానే లేస్తుంది. కాలనీ పార్కు అలా కాదు. అక్కడ పైన ఇళ్లు కట్టగా మిగిలిన మట్టి, ఇటుక ముక్కలు, కంకర. నీళ్లు పోసే మనిషి లేకపోతే ఏదీ బతకదు.

ఈ దత్తతల్లో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. దత్తత అంటే భూమి వాళ్ల పేరుకు మారడం కాదు. అడవి అటవీ శాఖదే. స్థలం ఎవరిది, డబ్బు ఎవరిది, చూసుకునేది ఎవరు అనే మూడు ప్రశ్నలకూ అక్కడ స్పష్టమైన జవాబు ఉంది. మన కాలనీ పార్కుల్లో చాలావాటికి ఈ మూడింటికీ జవాబు లేదు. అందుకే డబ్బు ఇచ్చేవాళ్లు ఉన్నా మన దాకా రాదు.

ముందు స్థలం ఎవరిదో తేల్చండి

వెంచర్ వేసినప్పుడు అనుమతి పొందిన లేఅవుట్‌లో సాధారణంగా పదో వంతు స్థలాన్ని ఖాళీగా వదిలి, స్థానిక సంస్థ పేరున రిజిస్టర్ చేయాలి. రెండో లెక్క: ఐదెకరాల లేఅవుట్‌లో పదో వంతు ఎంత? అరెకరం. ఎకరాకు 4,840 చదరపు గజాలు కాబట్టి 2,420 చదరపు గజాలు. ఇప్పుడు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి, మీ కాలనీలో పార్కు అని చూపించే జాగాను అడుగులతో కొలవండి. కాగితం మీద ఉన్నంత నేల మీద ఉందా?

నాగారం కొన్నేళ్ల కిందటి వరకు గ్రామ పంచాయతీ. అప్పటి లేఅవుట్లు కొన్నింటిలో పార్కు జాగా కాగితాల్లోనే మిగిలిపోయే ప్రమాదం ఉంది. కంచె లేని ఖాళీ జాగాలో మొదట చెత్త పడుతుంది. తర్వాత ఎవరో ఇసుక పోస్తారు. ఆ తర్వాత రేకుల షెడ్డు లేస్తుంది. చివరికి అక్కడ హద్దురాళ్లు కనిపిస్తాయి. ఒకసారి ఇల్లు లేచాక ఆ జాగా పార్కుగా తిరిగి రావడం చాలా కష్టం. గాలి ఇటు తిరిగితే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన వచ్చే ప్రాంతంలో పిల్లలు ఆడుకునే ఆ కాస్త పచ్చని జాగా కూడా పోతే మిగిలేది రోడ్డే.

కాబట్టి మొదటి పని లేఅవుట్ కాపీ సంపాదించడం. మీ స్థానిక సంస్థ టౌన్ ప్లానింగ్ విభాగంలో అడగవచ్చు. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆక్రమణ జరిగి ఉంటే 2024 జూలైలో ఏర్పడిన హైడ్రాకు ఫిర్యాదు చేయవచ్చు. అవుటర్ రింగ్ రోడ్డు లోపలి చెరువులు, పార్కులు దాని పరిధిలోకి వస్తాయి.

డబ్బు వచ్చే దారులు

మొదటిది, మన పన్నుల డబ్బే. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి మున్సిపాలిటీ తన బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను ఆ చట్టం వార్డు ప్రతినిధుల మీద, అధికారుల మీద పెట్టింది. 2020లో జీహెచ్‌ఎంసీ చట్టానికి చేసిన సవరణల్లోనూ ఇలాంటి నిబంధనలే వచ్చాయి. అంటే పార్కుకు డబ్బు అడగడం ఎవరినీ దయ చూపమనడం కాదు. చట్టంలో ఉన్నదాన్ని గుర్తు చేయడం.

రెండోది, ఎంపీ నిధులు. నాగారం, ఉప్పల్, నాచారం మూడూ మల్కాజిగిరి లోక్‌సభ నియోజకవర్గంలోవే. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులు సిఫార్సు చేసే వీలుంది. ప్రహరీ, నడకదారి, బోరు లాంటి నిలిచి ఉండే పనులకు ఇవి పనికొస్తాయి. తోటమాలి జీతానికి, నీళ్ల ట్యాంకర్‌కు మాత్రం పనికిరావు.

మూడోది, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, అందరం సీఎస్ఆర్ అనేవి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, ఏడాదికి 5 కోట్లు లేదా అంతకు మించి నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు చేయాలి. పర్యావరణం ఆ జాబితాలో ఉంది. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల పక్కన ఉంటున్న మనకు ఈ ఒక్క వాక్యం చాలా విలువైనది. మన తల్లిదండ్రుల్లో ఆ కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఎందరో ఉన్నారు. అడగాల్సిన మనిషి ఎవరో మీకే తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సీఎస్ఆర్ డబ్బును బయటి సంస్థ ద్వారా ఖర్చు చేయించాలంటే, 2021 ఏప్రిల్ నుంచి ఆ సంస్థ సీఎస్ఆర్-1 పత్రం కింద నమోదై ఉండాలి. ఆదాయపు పన్ను చట్టం కింద ఉండాల్సిన రిజిస్ట్రేషన్లు కూడా ఉండాలి. మామూలు కాలనీ సంక్షేమ సంఘానికి ఇవి ఉండవు. అందుకని నిరుత్సాహపడనక్కర్లేదు. ఆ నమోదు ఉన్న స్వచ్ఛంద సంస్థతో కలిసి దరఖాస్తు పెట్టవచ్చు. లేదా కంపెనీయే పని నేరుగా చేయించవచ్చు.

ఢిల్లీలో అయితే ప్రభుత్వం ఏర్పాటు చేసిన పార్క్స్ అండ్ గార్డెన్స్ సొసైటీ, కాలనీ సంఘాలకు పార్కు విస్తీర్ణాన్ని బట్టి నిర్వహణకు సాయం ఇస్తోంది. మన నగరంలోనూ కొన్ని పార్కుల నిర్వహణను కాలనీ సంఘాలకు అప్పగించి, ఖర్చులో కొంత జీహెచ్‌ఎంసీ భరించిన పద్ధతి ఉంది. మీ వార్డు కార్యాలయంలో దీని గురించి అడగండి.

అసలు లెక్క నీళ్లది

ఈ దారులన్నింటిలో ఒక పోలిక కనిపిస్తుంది. గేటుకు, శిలాఫలకానికి, మొక్కలకు డబ్బు తేలిగ్గా దొరుకుతుంది. ఎందుకంటే అవి ఒక్కరోజులో కనిపిస్తాయి. నీళ్లకు, మనిషికి దొరకదు. మొక్క చచ్చేది అక్కడే.

మూడో లెక్క వేద్దాం. మీ అరెకరం పార్కులో 100 మొక్కలు నాటారనుకోండి. వేసవిలో ఒక్కో మొక్కకు విడతకు 10 లీటర్లు, వారానికి రెండు విడతలు. వారానికి ఎన్ని నీళ్లు? 2,000 లీటర్లు. ఫిబ్రవరి నుంచి మే ఆఖరు దాకా సుమారు 17 వారాలు. మొత్తం 34,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడు. మొక్క తన వేళ్లతో తాను నీళ్లు వెతుక్కునే దాకా, అంటే మూడు వేసవులు, 21 ట్యాంకర్లు. దీనికి తోటమాలికి 36 నెలల జీతం కలపండి. మీ వీధిలో ట్యాంకర్ ధర ఎంతో, తోటమాలి నెలకు ఎంత అడుగుతాడో పిల్లలనే కనుక్కోమనండి. వచ్చిన మొత్తాన్ని మొక్కల ఖరీదుతో పోల్చమనండి. మొక్కలు ఎంత చవకో, వాటిని బతికించడం ఎంత ఖరీదో ఆ రెండు అంకెలే చెబుతాయి.

ఖర్చు తగ్గించే మార్గాలూ ఉన్నాయి. రాలిన ఆకులను తగలబెట్టకుండా పాదుల్లో కప్పితే తేమ నిలుస్తుంది. వేప, కానుగ, నేరేడు, రేల, పొగడ, ఉసిరి లాంటి మన నేల చెట్లను ఎంచుకుంటే మూడేళ్ల తర్వాత వాటి బతుకు అవి బతుకుతాయి. తొందరగా పచ్చగా కనిపిస్తుందని ఊరూరా నాటిన కోనోకార్పస్ మీద ఎన్ని అభ్యంతరాలు వచ్చాయో మనం చూశాం. మర్రి, రావి మంచి చెట్లే గానీ ప్రహరీకి, డ్రైనేజీకి దగ్గరగా వద్దు. బోరు వేయాలన్నా, ఉన్న చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి ముందే తీసుకోవాలి.

దరఖాస్తు ఒక్క పేజీ చాలు

డబ్బు ఇచ్చేవారు చూసేది భాష కాదు, బాధ్యత. ఈ విషయాలు ఉంటే చాలు: స్థలం ఎవరిది, లేఅవుట్ కాపీ, కొలతలు, ఇప్పటి ఫొటోలు, సంఘం తీర్మానం, సంతకాలు, చేయదలచిన పనులు, కొటేషన్లు, మూడేళ్ల నీళ్లు, జీతం లెక్క, మా వంతు ఏమిటి.

చివరిదాన్ని మరిచిపోకండి. ఇలా రాయవచ్చు:

"మా కాలనీ లేఅవుట్‌లో పార్కుగా చూపిన ఈ స్థలం స్థానిక సంస్థ పేరున ఉంది. ప్రహరీకి, బోరుకు, 100 మొక్కలకు సాయం కోరుతున్నాం. మూడేళ్ల తోటమాలి జీతంలో సగం మా ఇళ్ల నుంచి నెలనెలా వసూలు చేసి భరిస్తాం. బతికిన మొక్కల లెక్కను ప్రతి మూడు నెలలకు ఫొటోలతో పంపుతాం."

ఈ నాలుగు వాక్యాల్లో ఆఖరిదే బరువైనది. ఆ లెక్క రాయడం మన పిల్లల పని.

ఈ నెల పిల్లలతో

3 నుంచి 5 తరగతులు: మీ వీధిలోని పది చెట్ల పేర్లు తెలుగులో, ఇంగ్లిష్‌లో రాయాలి. పేరు తెలియనిదాని ఆకు తెచ్చి అమ్మమ్మనో, తాతయ్యనో అడగాలి.

6 నుంచి 8 తరగతులు: మొక్కల రిజిస్టర్ మొదలుపెట్టాలి. వరుస సంఖ్య, పేరు, నాటిన తేదీ, ప్రతి నెల ఒకటో తారీఖున ఎత్తు, నీళ్లు పోసినవారి పేరు. 100లో 78 బతికితే అది 85 శాతానికి ఎంత తక్కువ? ఎందుకు తక్కువ?

9, 10 తరగతులు: లేఅవుట్ కాపీ కోసం సమాచార హక్కు దరఖాస్తు, పార్కు సాయం కోసం ఒక పేజీ లేఖ రెండు భాషల్లోనూ రాయాలి. సంతకం మాత్రం పెద్దలు పెట్టాలి.

చచ్చిన మొక్కను కూడా రిజిస్టర్‌లో రాయించండి. కొట్టేసి, దాచి, కొత్తది తెచ్చి పెట్టవద్దు. ఏది ఎందుకు పోయిందో రాసిన లెక్కనే ఎవరైనా నమ్ముతారు. మార్కుల విషయంలోనూ మనం పిల్లలకు నేర్పాలనుకునేది అదే కదా.

వచ్చే వానాకాలంలో అదే మొక్క పక్కన అదే బిడ్డను నిలబెట్టి మళ్లీ ఫొటో తీయండి. ఇద్దరిలో ఎవరు ఎక్కువ పెరిగారో వాళ్లే కొలిచి చెబుతారు.