రోజా మొక్కను ఎప్పుడు కత్తిరించవలెను?

ఇంటి ముంగిట నాలుగు రోజా మొక్కలు పెంచువారును, బావి క్రింద పది సెంట్లు వేసినవారును నాయుడుపేట ప్రాంతములో అడుగు ప్రశ్న ఒకటే: "మొదటి ఏడు విరగబూసిన మొక్క రెండవ ఏట కొననుండి నల్లబడి ఎండుచున్నది, ఎందువలన?" చాలచోట్ల దీనికి కారణము కత్తిరింపు కాలము తప్పుటయే.

రోజాలను అక్టోబరులో కత్తిరింపుమని పెక్కు పుస్తకములు చెప్పును. సెప్టెంబరుతో వానలు ముగియు ఉత్తరాదికి ఆ మాట సరియే. మనకు పెద్ద వానలు ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. చిత్త, స్వాతి, విశాఖ కార్తెలలో ముసురు పట్టినప్పుడు కోసిన గాయము ఆరదు. ఆ గాయము ద్వారా శిలీంధ్రము చొచ్చి కొమ్మఎండు తెగులు పుట్టును. ఉద్యోగములో చేరిన తొలి ఏట నేనును పుస్తకమును నమ్మి 20 మొక్కలను అక్టోబరు మొదట కత్తిరించితిని. సంక్రాంతి నాటికి మిగిలినవి 9.

వానకాలము (అక్టోబరు-డిసెంబరు): కత్తెర పట్టవద్దు. ఎండిన కొమ్మ కనబడిన, వాన తెరపి ఇచ్చిన రోజున పచ్చి భాగము రెండంగుళములు కలిపి కోసి కాల్చివేయుడు. పాదులు పూడ్చి, మొదట మట్టి ఎగదోసి, మురుగు కాలువలు తీయుడు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగు చూచినవారికి నిలువనీటి చేటు వేరుగా చెప్పనక్కరలేదు. ఆకులపై నల్లమచ్చలు వచ్చిన లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కలిపి చల్లుడు. రాలిన ఆకులను ఏరివేయుడు.

చలికాలము (డిసెంబరు చివర-ఫిబ్రవరి): వానలు వెనుదీసిన పిమ్మట, ధనుర్మాసము నడుమ కత్తిరింపుడు. ఎండిన, సన్నని, ఒరసికొను కొమ్మలను తీసివేసి, బలమైన నాలుగైదింటిని మోకాలెత్తున ఉంచుడు. వెలుపలి వైపు చూచు మొగ్గకు పావు అంగుళము పైన ఏటవాలుగా కోయవలెను. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడు ముద్ద పూయుడు. మొక్కకు 10 కిలోల మాగిన పశువుల ఎరువు వేయుడు. సుమారు 45 దినములకు, అనగా మాఘమాసపు పెండ్లిండ్ల వేళకు పూలు అందును. ఈ రోజులలో బూడిద తెగులు కనబడిన నీటిలో కరగు గంధకము లీటరుకు 3 గ్రాములు చల్లుడు. ఎండలు ముదిరిన పిమ్మట గంధకము చల్లిన ఆకు మాడును.

వేసవి (మార్చి-జూన్): ఉదయముననే నీరు కట్టుడు. మొదట వేరుసెనగ పొట్టు గాని, ఎండుటాకులు గాని పరువుడు. తామరపురుగులు చేరి చిగురు ముడుచుకొన్న వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొంచెము సబ్బు నీటితో కలిపి సాయంకాలమున చల్లుడు. రోహిణి కార్తెలో ఎరువులు వేయవద్దు.

జూలై-సెప్టెంబరు: వాడిన పూగుత్తులను మాత్రమే తేలికగా తుంచి, మరల పశువుల ఎరువు వేయుడు. అంటు క్రిందనుండి లేచిన చిగుళ్ళను ఎప్పటికప్పుడు మొదలంట పెరికివేయుడు. అవి పెరిగిన అంటు కొమ్మ క్షీణించును.

గ్రామాధికారులకు మనవి: మీ ఊర ఎవరైన అక్టోబరులో కత్తెర తీసిన, రెండు నెలలు ఆగుమని చెప్పుడు. ఆ ఒక్క మాటతో చాల మొక్కలు బ్రతుకును.