కమాండ్ లైన్ సవరణమున తెలుగక్షరము: రీడ్‌లైన్ లైబ్రరీ వివరణకు పరిభాషావిచారము

అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు పరాయిభాష కాదు. 2011 జనగణన ననుసరించి అచ్చటి జనులలో నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. 2024 వరకు పోర్టు బ్లెయిరు అనబడి, ఆ యేట శ్రీ విజయపురమని పేరు మార్పబడిన రాజధానీనగరమున, ఇతర దీవులకు పోవు ఓడలు బయలుదేరు రేవు ఫీనిక్స్ బే. ఈ ప్రాంతమున కూర్చుండి ప్రధానభూమి మీది కంప్యూటరుతో పనిచేయదలచిన వానికి చిరకాలము ఉపగ్రహమే ఆధారముగా నుండెను. చెన్నపట్టణమునుండి సముద్రగర్భమున వేయబడిన కేబులు 2020 ఆగస్టు 10వ తేదీన ప్రారంభింపబడినది.

ఆ పూర్వస్థితిని స్మరించుటకు కారణము కలదు. సమాచార ఉపగ్రహము భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండును. నొక్కిన మీట సంకేతము పైకి పోయి క్రిందికి దిగుటకు దాదాపు పావు సెకను పట్టును. అవతలి యంత్రము దానిని గ్రహించి తిరిగి పంపిన రూపము ఇవతలి తెరపైకి వచ్చుటకు మరియొక పావు సెకను కావలయును. నలువది అక్షరముల ఆజ్ఞను వ్రాసిన పిదప రెండవ మాటలో తప్పు కనబడినదనుకొందము. ఎడమ బాణపు మీటను ముప్పదిసార్లు నొక్కి, స్థానము దాటిపోయినదో లేదో యని తెరవంక చూచుచు కూర్చుండవలసి వచ్చును. మీటలను వరుసగా నొక్కుటకు అడ్డు లేదు. చూచి నొక్కవలసిన ప్రతిచోటను మాత్రము అరసెకను నష్టము. ‘పంక్తి మొదటికి పొమ్ము’, ‘ఒక మాట ముందుకు జరుగుము’ అను ఆజ్ఞలు నొక్కులనే కాక చూపులను గూడ తగ్గించును. కేబులు వచ్చిన తరువాత ఆలస్యము చాల తగ్గినది. కాని పంక్తిసవరణము ఏల కావలెనో చూపుటకు దీనికంటె మంచి నిదర్శనము దొరకదు.

యూనిక్స్ వ్యవస్థలో టెర్మినల్ డ్రైవరు తనంత తానిచ్చు సవరణము మిక్కిలి స్వల్పము. చివరి అక్షరమును, చివరి మాటను, లేదా పంక్తినంతటిని చెరపవచ్చును; నడుమకు పోవుటకు వీలులేదు. ఈ కొరతను తీర్చినవానిలో ప్రసిద్ధమైనది గ్ను రీడ్‌లైన్ అను లైబ్రరీ. 1989లో వెలువడిన బాష్ అను షెల్లుకొరకు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పక్షమున బ్రయన్ ఫాక్స్ దీనిని రచించెను. పిదప క్లీవ్‌లాండు నగరమందలి కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయమున పనిచేసిన చెట్ రేమీ దీని పోషణభారమును వహించెను. ఏ ప్రోగ్రామైనను దీనిని కలుపుకొని, తన యెదుట కూర్చున్నవానికి ఒకే తీరు సవరణపు మీటల నీయవచ్చును. అయితే ఇది జి.పి.ఎల్. షరతులకు లోబడినది, 1992లో క్లిస్ప్ అను లిస్ప్ భాషాప్రోగ్రాము దీనిని వాడుకొన్న కారణముగా అదే షరతులను స్వీకరింపవలసి వచ్చెను. అట్టి నిర్బంధము వలదనువారు లిబ్‌ఎడిట్ అను వేరొక లైబ్రరీని వాడుదురు.

ఈ లైబ్రరీకి వివరణగ్రంథములు రెండు: సవరణమునకొకటి, పూర్వపంక్తుల జాబితాకొకటి. రెంటిలోను ఇరువురు పాఠకులు ఉద్దేశింపబడిరి. మీట నొక్కువాడు ఒకడు, ప్రోగ్రాము వ్రాయువాడు ఇంకొకడు. మొదటివానికి కంట్రోల్-ఏ పంక్తి మొదటికిని, కంట్రోల్-ఈ చివరకును కొనిపోవునని తెలిసిన చాలును. రెండవవానికి తెలియవలసినది వేరు. రీడ్‌లైన్ అను ఫంక్షను పంక్తి చివరి ‘న్యూలైన్’ గుర్తును తొలగించి మిగిలిన పాఠము నిచ్చును. దానికై కేటాయింపబడిన జ్ఞాపకస్థలమును పని ముగిసిన పిమ్మట విడుదల చేయవలసిన బాధ్యత ప్రోగ్రాము వ్రాయువానిదే. పంక్తి ఖాళీగా నుండి ఇన్‌పుట్ ముగిసినచో పాఠమునకు మారుగా శూన్యసూచిక వచ్చును. ఖాళీ పంక్తికిని ఇన్‌పుట్ ముగింపునకును గల ఈ భేదమును గుర్తింపనివాడు తప్పు ప్రోగ్రాము వ్రాయును. చదివిన పంక్తి జాబితాలో తనంత తాను చేరదు. ‘యాడ్ హిస్టరీ’ అను ఫంక్షనును పిలిచినపుడే చేరును. ఖాళీ పంక్తులను చేర్చకుండుట వాడుక.

ఇట్టి గ్రంథమును తెలుగున వ్రాయబూనినవానికి మొదట ఎదురగునది పదముల చిక్కు. మూలమున పాఠమును తొలగించు ఒక పనికి ‘కిల్’ అను పేరు కలదు. ‘సంహారము’, ‘నిర్మూలనము’ అను తెలుగులు శబ్దమునకు సరిపోవునేమో కాని పనికి సరిపోవు. అట్లు తీసిన పాఠము నశింపదు. ‘కిల్ రింగ్’ అను చోట దాచబడి, ‘యాంక్’ అను ఆజ్ఞచే మరల వచ్చును. కావున మొదటిదానిని ‘తీసి దాచుట’ యనియు, రెండవదానిని ‘తెచ్చి పెట్టుట’ యనియు చెప్పుట మేలు. ఈమాక్స్ సవరణయంత్రమునుండి సంక్రమించిన ఈ పదములు ఆంగ్లపాఠకునికిని తొలిచూపున అర్థమగునవి కావు. తెలుగువాడు ఆ చిక్కును గూడ దిగుమతి చేసికొనవలసిన పనిలేదు.

‘హిస్టరీ’ని చరిత్ర యనుట అంతకంటె అనుచితము. చరిత్ర యనగా కార్యకారణముల కథ. ఇచ్చట నున్నది వచ్చినదానిని వచ్చిన వరుసలో వ్రాసికొనుట మాత్రమే. తెలుగుదేశపు వర్తకులు దీనికి సరియైన మాటను ఏనాడో వాడిరి: చిట్టా. ఆనాటి జమాఖర్చులను జరిగిన క్రమమున ఎక్కించునది చిట్టా. పద్దుల వారీగా విడదీసి వ్రాయునది ఆవర్జా. రీడ్‌లైన్ జాబితా చిట్టాయే గాని ఆవర్జా కాదు. ప్రతి పద్దునందును పంక్తి పాఠము, ఎక్కించిన కాలము, ప్రోగ్రాము తన యవసరమునకై చేర్చుకొను సమాచారము అను మూడు భాగములు కలవు. పద్దుల సంఖ్యకు హద్దు పెట్టవచ్చును. హద్దు దాటిన పిదప పాత పద్దులు తొలగిపోవుచుండును, కాని మిగిలినవాని సంఖ్యలు మొదటినుండి మరల లెక్కింపబడవు. మొదటి పుటలు చినిగిన చిట్టాలో తక్కిన పుటల అంకెలు మారనట్లే ఇదియును. కంట్రోల్-ఆర్ నొక్కి రెండు మూడక్షరములు వ్రాసినచో చిట్టాలో వెనుకకు వెదకి ఆ అక్షరములు గల పంక్తిని ముందుంచును. ఉపగ్రహపు దారిలో పనిచేసినవారికి ఇదియే అన్నిటికంటె మిన్న.

ఇక అసలు చిక్కు ‘క్యారెక్టర్’ అను మాటలో నున్నది. దీనిని అక్షరమని అనువదించుట సహజము; కాని అట్లు వ్రాసిన పుస్తకము పాఠకుని తప్పుదారి పట్టించును. ‘స్త్రీ’ అను మాటను పరిశీలింపుడు. ఛందస్సున ఇది ఒక గురువు, ఒక అక్షరము. వ్యాకరణమున స్, త్, ర్, ఈ యని నాలుగు వర్ణములు. యూనికోడునందు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అని ఆరు సంకేతములు. యు.టి.ఎఫ్.-8 లిపీకరణమున సంకేతమునకు మూడు చొప్పున 18 బైట్లు. తెరమీద రీడ్‌లైన్ లెక్కించు గడులు మూడు. ఒకే మాటకు అయిదు లెక్కలు గలవు. వానిలో ఏ రెండును కలియవు.

బ్యాక్‌స్పేసు మీట చెరపునది అక్షరము కాదు, వర్ణము కాదు, సంకేతమును కాదు. స్థానమునకు వెనుకనున్న, గడి నాక్రమించు సంకేతమును, దాని నంటియున్న గడి నాక్రమింపని గుర్తులతో గూడ చెరపును. గడి నాక్రమించునది ఏది యని నిర్ణయించునది రీడ్‌లైన్ కాదు. వ్యవస్థయొక్క సి లైబ్రరీ. గ్ను సి లైబ్రరీ యూనికోడు వర్గీకరణము ననుసరించును. ఆ వర్గీకరణమున దీర్ఘము, గుడి, ఎత్వము, ఒత్వము, పొల్లు మొదలగునవి స్థలము నాక్రమింపని గుర్తులు. కొమ్ము, కొమ్ముదీర్ఘము, వట్రువసుడి, సున్న స్థలము నాక్రమించునవి. ఫలిత మేమనగా, ‘కి’ ఒక్క నొక్కునకు పోవును. ‘కు’ చెరపుటకు రెండు కావలెను, మొదటి నొక్కునకు ‘క’ మిగులును. ‘తెలుగు’ అను మూడక్షరముల మాట చెరపుటకు అయిదు నొక్కులు: తెలుగ, తెలు, తెల, తె, పిదప శూన్యము. గుణింతము నేర్చిన బాలునకు కి, కు ఒకే జాతివి. కొమ్ము అక్షరమునకు కుడివైపున చోటు తీసికొనునన్న చూపే ఈ విభాగమునకు ఆధారమైనట్లు కనబడును. అది లిపిరూపము ననుసరించిన విభాగము, వ్యాకరణము ననుసరించినది కాదు. వివరణకర్త దీనిని మార్చలేడు, దాచనును గూడదు. కనుక బైటు, సంకేతము, గడి, అక్షరము అను నాలుగు పదములను వేరువేరుగ నిలిపి, ప్రతి ఫంక్షనును ఏ కొలతతో పనిచేయునో చెప్పుట అవశ్యకము.

ప్రోగ్రాము వ్రాయువానికి ఈ భేదము మరింత ముఖ్యము. ‘ఆర్‌ఎల్ పాయింట్’ అను చలరాశి స్థానమును బైట్లలో తెలుపును. ‘స్త్రీ’ తరువాత దాని విలువ 18. వెనుకకు ఒక అడుగు వేయుటకై దానినుండి ఒకటి తీసివేసిన ఫంక్షను రోమను లిపిలో చక్కగా పనిచేయును. తెలుగున గుడిదీర్ఘపు మూడు బైట్ల నడుమ నిలిచి, అచ్చట చేర్చిన ప్రతిదానిని చెడగొట్టును. బైటు చొప్పున జరుపు ఫంక్షను వేరు, క్యారెక్టరు చొప్పున జరుపు ఫంక్షను వేరుగ లైబ్రరీలో నున్నవి. ఆ రెండవదానిని పిలువుమని వివరణము స్పష్టముగ చెప్పవలెను.

దూరపు యంత్రముతో పనిచేయునపుడు మరియొక ఆపద కలదు. ఆ యంత్రపు లొకేల్ యు.టి.ఎఫ్.-8 గాక ‘సి’ అను మూలరూపమున నున్నచో, ‘కన్వర్ట్ మెటా’ అను అమరిక పనిచేయుచుండును. ఎనిమిదవ బిట్టు గల బైటును రీడ్‌లైన్ అపుడు పాఠముగ గాక, మెటా మీటతో కలిపి నొక్కిన ఆజ్ఞగ గ్రహించును. తెలుగు సంకేతములలోని బైట్లన్నియు అట్టివే. ‘క’ యొక్క రెండవ బైటు మెటాతో సున్న నొక్కినట్లగును. అది తరువాతి ఆజ్ఞను ఎన్నిసార్లు చేయవలెనో చెప్పు అంకె. వ్రాసినవాడు తెలుగు వ్రాయుచున్నా ననుకొనును, యంత్రము ఆజ్ఞలను నెరవేర్చుచుండును. లొకేల్ యు.టి.ఎఫ్.-8గ నున్నచో ఈ అమరిక తనంత తాను తొలగును. ఫీనిక్స్ బే నుండి చెన్నపట్టణపు యంత్రమున ప్రవేశించినవాడు తన కంప్యూటరు లొకేలును గాక అచ్చటి లొకేలును పరీక్షింపవలెను. పరీక్ష సులభము: అవతల గ్ను సి లైబ్రరీ గల లినక్సు యంత్ర మున్నపుడు ‘తెలుగు’ అని వ్రాసి బ్యాక్‌స్పేసు నొక్కవలెను. సరిగ అయిదు నొక్కులకు పంక్తి ఖాళీయైనచో అమరిక సరిగ నున్నది.