మెషిన్ షాపుకు టూల్ ప్రీసెట్టర్: ఎంపికలో కొన్ని మెలకువలు

సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డుకు పోయినవారు ఒక సంగతి గమనించే ఉంటారు. మగ్గం నడుస్తున్నంతసేపూ పక్కన కండెలు చుడుతూనే ఉంటారు. ఒక బీము అయిపోకముందే ఇంకో బీము వార్పింగులో తయారవుతుంది. మగ్గం ఆపి, దాని ముందు కూర్చుని కండె చుట్టేవాడు ఎక్కడా కనిపించడు. టూల్ ప్రీసెట్టర్ అంటే ఏమిటని తరగతిలో అడిగినప్పుడల్లా నేను ఈ షెడ్డునే ఉదాహరణగా చెబుతాను. మన విద్యార్థుల్లో చాలామందికి అది ఇంటి ముచ్చటే గదా!

సి.ఎన్.సి. మిల్లింగు యంత్రానికి టూలు పొడవెంతో, వ్యాసమెంతో మనమే చెప్పాలి. హోల్డరు టేపరు మీద గేజ్ లైన్ అని ఒక ఊహారేఖ ఉంటుంది. బి.టి. 40 హోల్డరులో అక్కడి వ్యాసం 44.45 మి.మీ. ఆ రేఖ నుంచి టూలు కొస దాకా ఉన్న దూరమే టూలు పొడవు. దీన్ని యంత్రం ఆపి, టూలును సెట్టింగు గేజీకి తాకించి కొలవవచ్చు. లేదా అదే టేపరు గల వేరే పరికరంలో హోల్డరును నిలిపి, యంత్రం నడుస్తుండగానే బయట కొలవవచ్చు. ఈ రెండవదే ప్రీసెట్టర్. అంటే మనం డబ్బు పెట్టి కొనేది ముఖ్యంగా యంత్రకాలాన్ని. సూక్ష్మత తర్వాతి మాట.

కోరుట్ల నుంచి వచ్చి మా దగ్గర చదువుకున్న ఒక పూర్వ విద్యార్థి సిరిసిల్లలో చిన్న షాపు పెట్టాడు. ఒకే ఒక వి.ఎం.సి. మగ్గాల బ్రాకెట్లు, ట్యాపెట్లు, రైసుమిల్లు విడిభాగాలు చేస్తాడు. ఒకనాడు జగిత్యాలకు వచ్చి, "సార్, కెమెరా ప్రీసెట్టర్ తీసుకుందామనుకుంటున్న, బ్యాంకు లోను గూడ ఇస్తనంటున్నరు, ఎట్లుంటది?" అని అడిగాడు. "ముందుగల్ల నీ మిషిను ఎందుకు ఆగుతుందో ఒక వారం నోటుబుక్కుల రాయి" అన్నాను. కొంచెం చిన్నబుచ్చుకున్నాడు గాని, రాశాడు.

ఆరు రోజుల్లో తొమ్మిది సెట్టింగులు. ఒక్కోదానికి సుమారు పది టూళ్లు, టూలుకు నాలుగు నిమిషాలు. మొత్తం 360 నిమిషాలు, అంటే వారానికి ఆరు గంటలు. ఇది తక్కువేమీ కాదు. అయితే ఆ పుస్తకంలోనే ఇంకో లెక్క బయటపడింది. డ్రిల్లు వెతకడానికి, కొలెట్ మార్చడానికి, వైసు సరిచేయడానికి పోయిన కాలం దాదాపు అంతే ఉంది! దానికి ఏ కెమెరా మందు కాదు. టూళ్లకు ఒక ట్రాలీ, వాటికి నంబర్లు ఉంటే చాలు.

అసలు చిక్కు మరొకటి. అతని మ్యాగజైన్‌లో 20 గూళ్లు, అతని దగ్గరున్న హోల్డర్లు 22. అన్నీ యంత్రంలోనే ఉంటే బయట దేన్ని కొలుస్తాడు? ఉన్న ఒక్క బీమూ మగ్గం మీదే ఉంటే వార్పింగు దేనికి చేస్తారు? ప్రీసెట్టర్ ధర వేసుకునేవారు అదనపు హోల్డర్ల ధర కూడా కలిపి వేసుకోవాలి. అమ్మేవారు ఈ మాట మొదట చెప్పరు.

ఇక తాకుడు రకమా, కెమెరా రకమా? తాకుడు రకంలో డయలో, డిజిటల్ స్కేలో ఉంటుంది. డ్రిల్లులకు, ఎండ్‌మిల్లులకు, ట్యాపులకు అది చాలు. సన్నని కార్బైడు అంచును గట్టిగా నొక్కితే పెచ్చు లేస్తుంది, జాగ్రత్త. బాల్‌నోస్, ఫారం టూళ్లు ఎక్కువగా వాడేవారికి, డైల పని చేసేవారికి, అంచు అరుగుదలను తెరమీద చూడవలసినవారికి కెమెరా అవసరమే. హైదరాబాదు బాలానగర్‌లో 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి చోట నేర్చుకున్నవారికి ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు.

తెరమీద ఒక్క మైక్రాను కనిపిస్తే మురిసిపోరాదు. ఉక్కు మీటరుకు, ఒక్కో సెంటిగ్రేడు డిగ్రీకి దాదాపు 12 మైక్రాన్లు సాగుతుంది. మన వేసవిలో రేకుల షెడ్డుకు, పక్కనున్న ఎ.సి. గదికి పది డిగ్రీల తేడా ఉంటే 150 మి.మీ. టూలు 18 మైక్రాన్లు మారుతుంది. పైగా సిరిసిల్ల గాలిలో నూలుపొట్టు. టేపరు తుడవకుండా పెట్టిన హోల్డరు ఎంత మంచి పరికరంలోనైనా అబద్ధమే చెబుతుంది. అందుకే మాస్టర్ గేజ్ లేకుండా ప్రీసెట్టర్ కొనవద్దు. రోజూ పొద్దున దానితో సరిచూడాలి.

చివరికి అతను తాకుడు రకమే తీసుకున్నాడు, పన్నెండు హోల్డర్లు అదనంగా కొన్నాడు. నెల తిరగకముందే ఒక దెబ్బ తగిలింది. చీటీ మీద 147.32 అని రాస్తే, రాత్రి షిఫ్టు పిల్లవాడు 141.32 గా చదివి ఎక్కించాడు. టూలు ఉన్నదానికన్నా ఆరు మిల్లీమీటర్లు పొట్టిదనుకున్న యంత్రం, అంతమేరా కిందికి దిగి వైసు దవడలో గుచ్చింది. కార్బైడు డ్రిల్లు పోయింది, స్పిండిల్ బతికింది. తప్పు పిల్లవానిది అనను, చేతిరాతతో అంకెలు పంపమన్న పద్ధతిది. అప్పటినుంచి చిన్న ప్రింటరుతో లేబులు తీసి హోల్డరుకే అంటిస్తున్నాడు. కొత్త టూలు మొదటిసారి దిగేటప్పుడు సింగిల్ బ్లాకులో, పనిముక్కకు పైన ఆపి, స్కేలు పెట్టి చూస్తున్నాడు.

ఇదంతా విని కోరుట్లలో అతని మేనమామ కూడా ఒకటి కొంటానన్నాడు. ఆయనకున్నవి రెండు మామూలు లేతులు, ట్రాక్టరు కేజ్‌వీల్ పని. "మామా, నీకు క్విక్ చేంజ్ టూల్‌పోస్టు చాలు" అని అల్లుడే చెప్పి పంపించాడు.