ఫ్యెల్డ్: చెట్టు నిలవని కొండనేల

‘ఫియర్డ్’ అనే మాట మీరు భూగోళశాస్త్ర పాఠంలో చదివే ఉంటారు. కొండల మధ్యకు చొచ్చుకు వచ్చిన ఇరుకైన, లోతైన సముద్రపు పాయను నార్వే ప్రజలు అలా పిలుస్తారు. ఆ దేశం నుంచే ఇంగ్లీషులోకి వచ్చిన మరో మాట ‘ఫ్యెల్డ్’. చెట్లు లేక, రాళ్ళు తేలి, బోసిగా ఉండే ఎత్తైన కొండనేల అని దీని అర్థం. ఫియర్డ్ అందరికీ తెలిసిన మాట అయింది. ఫ్యెల్డ్ మాత్రం పెద్ద నిఘంటువుల్లోనూ, కొద్దిపాటి భూగోళ గ్రంథాల్లోనూ మిగిలింది.

రెండుసార్లు వచ్చిన మాట

ప్రాచీన నార్స్ భాషలో కొండను ‘ఫ్యాల్’ అనేవారు. 9, 10 శతాబ్దాలలో వైకింగులు ఉత్తర ఇంగ్లండులో స్థిరపడినప్పుడు ఈ మాట కూడా వారి వెంట వెళ్ళింది. అక్కడ అది ‘ఫెల్’గా మారింది. ఇంగ్లండులోకెల్లా ఎత్తైన శిఖరం స్కాఫెల్ పైక్ (978 మీటర్లు) పేరులో ఆ మాట నేటికీ ఉంది. కొన్ని వందల ఏళ్ళ తర్వాత అదే మాట డేనిష్, పాత నార్వేజియన్ వర్ణక్రమంతో ‘ఫ్యెల్డ్’ అనే రూపంలో మరోసారి ఇంగ్లీషులోకి వచ్చింది. నేడు నార్వేవారు దీన్ని ‘ఫ్యెల్’ అంటారు.

చెట్లు ఎందుకు లేవు?

చెట్టులేని గుట్టను మనం బోడిగుట్ట అంటాం. మరి ఫ్యెల్డ్‌ను బోడిచేసినది ఏమిటి? ముఖ్యంగా చలి. చెట్లు పెరగాలంటే ఏడాదిలో అన్నిటికంటే వెచ్చని నెలలోనైనా సగటు ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి చల్లబడుతుందని మీకు తెలుసు. ప్రతి 1000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. నార్వే తీరంలో జూలై సగటు 15 డిగ్రీలు అనుకుందాం. అక్కడికి దగ్గరలోని హార్డంగర్‌విడ్డా పీఠభూమి సగటు ఎత్తు సుమారు 1100 మీటర్లు. కాబట్టి అక్కడ దాదాపు 8 డిగ్రీలే ఉంటుంది. అది చెట్టుకు చాలదు. అందుకే కొండ ఎక్కేకొద్దీ బర్చ్ చెట్లు పొట్టివై, వంకరలు తిరిగి, ఒక ఎత్తు దగ్గర ఆగిపోతాయి.

రెండో కారణం మంచు. గత మంచుయుగంలో ఈ నేలను బ్రహ్మాండమైన హిమానీనదాలు కప్పివేశాయి. అవి కదులుతూ పైమట్టిని గీకివేశాయి. సుమారు 10,000 ఏళ్ళ క్రితం అవి చాలావరకు కరిగిపోయాక ఒట్టి రాయి మిగిలింది. ఆ రాతి పగుళ్ళలో చేరిన నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి రాయి చీలి ముక్కలవుతుంది. మట్టి తయారవడానికి ఇది తొలి మెట్టు.

నెమ్మదిగా నడిచే జీవితం

బోడినేల అంటే జీవం లేని నేల అనుకోకండి. శిలీంధ్రం, శైవలం కలిసి జీవించే లైకెన్లు రాళ్ళను అంటిపెట్టుకుని పెరుగుతాయి. అక్కడి మరుగుజ్జు విల్లో కొన్ని సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే ఉంటుంది. అలా నేలను కరుచుకుని ఉండడం వల్ల గాలి దెబ్బ తప్పుతుంది.

చలికాలంలో రెయిన్‌డియర్ జింకలకు లైకెన్లే ముఖ్యాహారం. కానీ అవి ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి. 5 మిల్లీమీటర్లు అనుకున్నా, 10 సెంటీమీటర్లు ఎదగడానికి 20 ఏళ్ళు కావాలి! అంటే మీ వయసు కంటే ఎక్కువ. అక్కడ ఒక బండి నేలను తొక్కివేసినా, మంద అతిగా మేసినా ఆ గాయం మానడానికి ఒక తరం పట్టవచ్చు. హార్డంగర్‌విడ్డాలో పెద్ద భాగాన్ని 1981లో జాతీయ పార్కుగా ప్రకటించారు.

పిడుగు తర్వాత

2016 ఆగస్టులో ఆ పీఠభూమి మీద పిడుగు పడింది. గాలివానకు భయపడి ఒకచోట గుమిగూడిన 323 రెయిన్‌డియర్లు ఒక్కసారిగా చనిపోయాయి. ఆ కళేబరాలను అక్కడే ఉంచారు. కాకి జాతి పక్షులు, నక్కలు తినడానికి వచ్చాయి. వాటి రెట్టలో, పెంటలో క్రౌబెర్రీ అనే చిన్న పొద విత్తనాలు ఉన్నట్టు పరిశోధకులు గమనించారు. మామూలుగా దట్టమైన నాచు, గడ్డి మధ్య ఆ విత్తనాలు నాటుకోవడం కష్టం. కళేబరాలు కుళ్ళినచోట పాత మొక్కలు చచ్చి, మట్టి బయటపడింది. దానికి ఎరువు కూడా అందింది. విత్తనాలకు అనువైన చోటు దొరికింది.

కనుక ‘ఫ్యెల్డ్’ అనే మాటను నిఘంటువులో చూసి ఊరికే ‘బోడికొండ’ అని రాసుకోకండి. అక్కడ జీవం ఉంది. అయితే దానికి తొందర లేదు, మనం తొందరపెట్టినా అది పెరగదు.

చేసి చూడండి

ఒక ప్లాస్టిక్ సీసాలో మూడు వంతులు నీళ్ళు పోసి, మట్టం దగ్గర గీత పెట్టండి. గాజు సీసా వాడవద్దు, పగులుతుంది. దాన్ని ఫ్రిజ్‌లో ఐసు తయారయ్యే అరలో రాత్రంతా నిలబెట్టి ఉంచండి. ఉదయం మంచుగడ్డ గీతకు ఎంత పైకి వచ్చిందో కొలవండి. రాతిని చీల్చే బలం ఎక్కడినుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది.