సంచి తేలికైతే దారి దగ్గర

పోయిన వేసవి సెలవుల్లో మేం నలుగురం అరకు, బొర్రా చూడబోయి మూడు రాత్రులు హాస్టళ్ళలో దిగాం. నా బరువు 40 కిలోలు. బయల్దేరే ముందు డి.ఆర్. డిపో కాటా మీద పెడితే నా సంచి 9 కిలోలు తూగింది! "ఉండనీలే" అనుకున్నాను. బొర్రా మెట్ల దగ్గర నా భుజం పట్టేసింది. నా సంచి కూడా నా నేస్తమే మోశాడు. పాపం, సగం గుహ చూడకుండానే మెట్ల మీద కూలబడ్డాడు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

అందుకే ఈ పాఠం:

1. సంచి మన బరువులో పదో వంతు మించరాదు. 2020 నాటి బడిసంచుల విధానం చెప్పేదీ ఇదే. నాకైతే 4 కిలోలు.

2. బట్టలు రెండు జతలు చాలు. రాత్రి ఉతికి ఆరేసుకోవాలి. జీన్సు ప్యాంటు తొందరగా ఆరదు, వద్దు.

3. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. ఎండాకాలమైనా రాత్రి చల్లగా ఉంటుంది. ఒక స్వెట్టరు చాలు.

4. దుప్పటి, దిండు హాస్టల్లో ఇస్తారా అని ముందే అడగాలి. గదిలో పదిమంది ఉంటారు కాబట్టి తాళంకప్ప మరవద్దు.

5. లీటరు నీళ్ళంటే కిలో బరువు. దారిలో నింపుకోండి. బరువైనవి వీపుకి ఆనేలా సర్దండి.

మిత్రులారా! సంచి సర్దాక దాన్ని మోస్తూ బడి చుట్టూ ఒకసారి నడిచి చూడండి. బరువనిపిస్తే అక్కడే కొన్ని తీసెయ్యండి. మన బరువు పక్కవాడి భుజం మీద పడకూడదు.