మనలోని నీడ

తిరుత్తణికి చేరువలోని తిరువాలంగాడు నటరాజస్వామి రత్నసభగా ప్రసిద్ధి. అక్కడి కోవెలలో కారైక్కాల్ అమ్మైయార్‌ను ఎముకలు తేలిన రూపంలో కొలుస్తారు. ఆమె మొదటి పేరు పునీతవతి. భర్త విడిచిపోగా, తన అందాన్ని వదలి పేయ్ రూపం కోరుకొన్నదని 12వ శతాబ్దపు శేక్కిళార్ రచన 'పెరియపురాణం' చెబుతుంది. పేయ్ అంటే దయ్యం. తన పాటల్లో ఆమె తన్ను తానే 'కారైక్కాల్ పేయ్' అని చెప్పుకొన్నది. లోకం చూడటానికి జంకే రూపాన్ని ఆమె దాచుకోలేదు.

మనలోనూ దాచుకొనేవి ఉంటాయి: అసూయ, కోపం, భయం. మనలో మనమే ఒప్పుకోని ఇలాంటి భాగాన్ని స్విట్జర్లాండు మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ (1875-1961) 'నీడ' అన్నాడు. దాచిన గుణం ఎదుటివారిలో తప్పుగా కనబడుతుంది. స్నేహితునికి ఎక్కువ మార్కులు వస్తే "వాడికి గర్వం" అంటాం. "నాకే అసూయగా ఉంది" అని ఒప్పుకొన్ననాడు అతని దగ్గరే లెక్కలు నేర్చుకోగలం. ఒప్పుకోవడమంటే కోపాన్ని ఇతరులపై చూపడం కాదు. దాన్ని గుర్తించి అదుపులో ఉంచుకోవడం. మనసు బరువైతే నమ్మకమైన పెద్దలతో చెప్పుకోండి.

ప్రశ్నలు
1. అమ్మైయార్ తన్ను తాను ఏమని చెప్పుకొన్నది?
2. ఇతరులలో మీకు నచ్చని గుణం మీలోనూ ఉన్నదా? ఆలోచించండి.