భయానకము హాస్యమైన విధము

రసములను గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి మమ్మిట్లడిగెను: "అయ్యా! వికృతమైనది హాస్యమునకును కారణమే, భయానకమునకును కారణమే యంటిరి. ఒకే రూపమును చూచి ఒకప్పుడు నవ్వు, ఒకప్పుడు భయము ఎట్లు కలుగును?" ప్రశ్న మంచిది. భరతుడు హాస్యమునకు వికృతవేషమును, భయానకమునకు వికృతధ్వనిని, భూతాది దర్శనమును విభావములుగా చెప్పెను. రెంటికి నడుమ గోడ మిక్కిలి పలుచన. దీనిని విప్పి చూపుటకు జపాను దేశపు చలనచిత్రములు మాకు అనువుగా తోచినవి.

అచ్చట పెనుమృగముల చిత్రములు ఒక ప్రత్యేక శాఖ. వానిని 'కైజూ' చిత్రములందురు. ఈ శాఖ నవ్వునుండి పుట్టినది కాదు. 1954 మార్చి 1వ తేదీన బికినీ దీవియందు అమెరికా హైడ్రజన్ బాంబును పరీక్షింపగా, దూరమున చేపలు పట్టుచున్న జపాను పడవపై విషపు బూడిద రాలెను. అందలి 23 మందియు వ్యాధిగ్రస్తులైరి. సెప్టెంబరులో ఒకడు మరణించెను. ఆ నవంబరులోనే 'గోజిరా' చిత్రము విడుదలయ్యెను. తొడుగులో దూరిన మనుష్యుడొకడు బొమ్మల నగరమును త్రొక్కుచు నడచును, అంతే. మన పులివేషము వంటిదే. లోపల మనిషి కలడని యెఱిగియు పిల్లవాడు తల్లికొంగు పట్టుకొనును గదా! ఆ చిత్రమున మండుచున్న టోక్యో వీథిలో ఒక తల్లి బిడ్డలను పొదవుకొని, త్వరలోనే మీ తండ్రిని చేరుకొందుమని వారితో చెప్పును. ఆ ఘట్టమున ఎవ్వరికిని తొడుగు జ్ఞప్తికి రాదు.

1967లో షోచికు సంస్థ 'గిలాలా' యను మృగమును తెచ్చెను. కుటుంబకథలకు పేరొందిన సంస్థకు ఇది క్రొత్త వ్యాపారము. అంతరిక్షనౌకకు అంటుకొని వచ్చిన పదార్థమునుండి పుట్టిన ఈ మృగమునకు కోడిని తలపించు మొగము, తలపై నిక్కిన కొమ్ములు. భయపెట్టుటకే దానిని తెచ్చిరి. కాని చూచువారికి నవ్వే ముందు వచ్చును.

ఆ నవ్వును మినోరు కవసాకి యను దర్శకుడు పట్టుకొనెను. ఇతడు అల్పవ్యయముతో హాస్యచిత్రములు తీయువాడు. 2004లో ఒక సముద్రజీవిని మల్లయోధునిగా నిలిపి చిత్రము తీసినవాడు. 2008 జూలై 7 నుండి 9 వరకు హొక్కైదోలోని తోయా సరస్సుకడ ఎనిమిది అగ్రరాజ్యముల సమావేశము జరిగెను. ఆ నెలలోనే విడుదలైన ఇతని చిత్రమున గిలాలా సరిగా ఆ సమావేశముపైకే వచ్చును! పారిపోవలసిన నాయకులు కీర్తికాంక్షచే నిలిచిపోయి, తమ తమ ఉపాయములను వంతులవారీగా ప్రయోగింతురు. ఒకరు క్షిపణి యందురు, ఒకరు గోయి యందురు, ఒకరు విషమందురు. ఏదియు పారదు. తుదకు పల్లెవాసులు వింతనృత్యముతో కొలుచు గ్రామదేవుడు లేచి వచ్చి పోరాడవలసి వచ్చును.

నగరధ్వంసమునకు ధనము చాలక, కవసాకి 1967 నాటి దృశ్యములనే కొన్నింటిని అతికించెను. అతుకు కనబడుచునే యుండును. మేము దానిని దోషముగా ఎంచము. భయానకమున తొడుగు ముడుత దాగవలెను. హాస్యమున అది కనబడిననే రసము. నాయకుల నడవడిని వెక్కిరించు ఘట్టములు మాత్రము సాగదీసినట్లున్నవి. ఒకే చమత్కారమును మూడుసార్లు చెప్పిన నవ్వు రాదు.

ఇప్పుడు విద్యార్థి ప్రశ్నకు వత్తము. తొడుగు రెంటను తొడుగే. మార్పు మృగమునందు లేదు. దాని యెదుట నిలిచినవారియందు కలదు. తల్లి బిడ్డలను పొదవుకొనును. నాయకులు వంతులకై వాదులాడుదురు. విభావము పోలినదైనను అనుభావము వేఱు. అయినచో బికినీ బూడిదనుండి మొలచినదానిని చూచి నవ్వవచ్చునా యని మమ్ము మేమే అడిగికొంటిమి. కవసాకి చావును నవ్వలేదు, ఆయుధములను చేతపట్టినవారిని నవ్వెను. కావున మేమును నవ్వితిమి.

విద్యార్థులారా! పై రెండు ఘట్టములందలి విభావానుభావములను వేఱువేఱుగా వ్రాసికొని సోమవారము తరగతికి రండు.